సప్పోరో నగరమూ, దాని కింది నేలా

సప్పోరో నగరంలో వీధులకు పేర్లు తక్కువ. ఉన్నవి అంకెలు. నగరం నడిమధ్య తూర్పు పడమరలుగా ఒక పొడుగాటి తోట ఉన్నది, ఉత్తర దక్షిణాలుగా ఒక కాలవ ఉన్నది. లెక్క ఈ రెండింటి దగ్గర మొదలవుతుంది. అక్కడి విశ్వవిద్యాలయం చిరునామా "ఉత్తరం 8, పడమర 5". దారి తెలియని పరాయివాడు కూడా ఎవరినీ అడగకుండా నడిచిపోవచ్చు. సాధారణంగా ముందు ఊరు పెరుగుతుంది, తరవాత ఎవరో వచ్చి దానికి పటం గీస్తారు. ఇక్కడ ముందు పటం గీసి, దాని ప్రకారం ఊరు కట్టారు. పాత రాజధాని క్యోటో గళ్ళను, అమెరికా నగరాల గళ్ళను రెంటినీ చూసి గీశారంటారు.

ఆ పొడుగాటి తోట పేరు ఓదోరి. సుమారు కిలోమీటరున్నర పొడవు, 105 మీటర్ల వెడల్పు. ఈనాడు అది పూలకూ, ఫౌంటెన్లకూ, ఫిబ్రవరిలో మంచు బొమ్మలకూ ప్రసిద్ధి. 1871లో దాన్ని విడిచిపెట్టింది మాత్రం పూల కోసం కాదు. ఉత్తరాన ప్రభుత్వ కచేరీలు, దక్షిణాన మామూలు జనం. దక్షిణాన నిప్పంటుకుంటే ఉత్తరానికి పాకకుండా మధ్య ఖాళీ వదిలారు. అదే సంవత్సరం దక్షిణపు కొసన, నగరం కట్టడానికి వచ్చిన కూలీలను అక్కడే నిలిపి ఉంచే ఉద్దేశంతో, ప్రభుత్వమే ఒక వేశ్యావాటికకు హద్దులు నిర్ణయించి అనుమతి ఇచ్చింది. అదే నేటి సుసుకినో, జపానులోని పెద్ద వినోద కేంద్రాల్లో ఒకటి. ఒక ప్రభుత్వం తన కూలీలను గురించి ఏమనుకుంటున్నదో తెలుసుకోవాలంటే దాని ప్రకటనలు చదవనక్కరలేదు. ఇటువంటి పటం ఒకటి చూస్తే తెలుస్తుంది.

మా అక్కయ్యా బావా ఆ నగరంలో మూడేళ్ళున్నారు. బావ వృక్షశాస్త్రజ్ఞుడు. వాళ్ళ దగ్గర నేను ఒక ఫిబ్రవరిలో పన్నెండు రోజులు గడిపాను. నగరాన్ని నాకు చూపించినవాడు బావే. ఆయన దాన్ని ప్రేమించాడు, అందుకు కారణాలు లేకపోలేదు. 2020 జనాభా లెక్కల ప్రకారం సప్పోరోలో 19 లక్షల 73 వేలమంది ఉన్నారు. జపాను నగరాల్లో ఐదవది. అంత జనం ఉన్నచోట ఏటా కురిసే మంచు, కురిసినది కురిసినట్టు కొలిచి కలిపితే, ఐదు మీటర్లకు కొంచెం తక్కువ. శీతకాలంలో సైబీరియా నుంచి వీచే గాలి జపాను సముద్రం మీద తేమ పీల్చుకుని వచ్చి ఈ నగరం మీద దించుతుంది. రాత్రి పది సెంటీమీటర్లు దాటి కురిసిందంటే అర్ధరాత్రి నుంచే బండ్లు బయలుదేరి, తెల్లవారి జనం పనిలోకి పోయే వేళకు దారులు తెరుస్తాయి. భూమి కింద 1971 నుంచీ రబ్బరు చక్రాల రైలు నడుస్తున్నది. 2011 నుంచి రైలు స్టేషనుకూ ఓదోరికీ మధ్య, మంచు తగలకుండా నడిచిపోయే సొరంగ వీధి ఉన్నది. అందులో బల్లలు, కుర్చీలు. డబ్బు ఖర్చు పెట్టకుండా ఎవరైనా కూర్చోవచ్చు. నేను చూసినప్పుడు ముసలివాళ్ళు చాలామంది కూర్చుని ఉన్నారు.

"ఏమోయ్ తెలుగు మాస్టారూ, మీ పత్రికవాళ్ళకు ఇది కూడా రాయి," అన్నాడు బావ. "నూట యాభై ఏళ్ళ కింద ఇక్కడ ఏమీ లేదు. అడవి, బురద. ఇవాళ ఇరవై లక్షలమంది సుఖంగా బతుకుతున్నారు. అది లెక్కలోకి రాదా?"

లెక్కలోకి వస్తుంది. కాని బావ మాటలో "ఏమీ లేదు" అన్న ముక్క నిజం కాదు. నగరం పేరే ఆ మాట అబద్ధమని చెబుతున్నది. "సప్పోరో" జపాను మాట కాదు. అది ఆ నేల మీద ముందునుంచీ ఉన్న ఐనూ ప్రజల మాట. "సత్ పోరో పెత్" అంటే ఎండే పెద్ద యేరు అని సాధారణంగా చెప్పే అర్థం. నగరం మధ్యగా పారే టొయొహిరా నది కొండలు దిగి రాళ్ళూ ఇసకా పరిచిన మైదానం మీద ఈ నగరం ఉన్నది. వేసవిలో అటువంటి యేటిలో నీరు ఇంకిపోతుంది. యేటికి పేరు పెట్టినవాడు ఆ యేటి ఒడ్డున బతికినవాడే అయి ఉండాలి.

1869లో కొత్త మెయిజీ ప్రభుత్వం "ఎజో" అనే దీవికి హొక్కైడో అని పేరు మార్చి, దాన్ని పాలించటానికి "కైతాకుషి" అనే శాఖను పెట్టింది. కైతాకు అంటే నేలను తెరవడం, సాగులోకి తేవడం. మన అభివృద్ధి అన్న మాట వంటిదే. అంతే మంచి మాట, అంతే ప్రమాదకరమైన మాట. తెరవవలసింది ఉన్నదంటే అది మూసి ఉన్నదని, అంటే ఎవరిదీ కాదని, ముందే ఒప్పుకున్నట్టవుతుంది. 1870ల భూమి నిబంధనలు ఐనూల వేటనేలలనూ, వాళ్ళు కాపురమున్న చోట్లనూ ప్రభుత్వ భూమి కింద జమకట్టాయి. మన రెవిన్యూ పుస్తకాల్లో "బంజరు" అన్న మాట చేసే పనే అక్కడా జరిగింది. 1871లో ఐనూ ఆడవాళ్ళ పచ్చబొట్లను నిషేధించారు. 1876లో విషపు బాణాలతో లేడిని కొట్టడం నిషేధించారు. ఆ దశాబ్దం ముగిసేలోగా సప్పోరో చుట్టుపక్కల నదుల్లో సాల్మన్ చేపను పట్టడం కూడా నిషేధమైంది. అదే కాలంలో, 1877లో, ఆ నీళ్ళన్నీ పోయి కలిసే ఇషికారి నది ముఖద్వారం దగ్గర ప్రభుత్వమే సాల్మన్‌ను డబ్బాల్లో పెట్టే కర్మాగారం తెరిచింది. చేపల సంరక్షణ ఎవరి కోసమో దీన్నిబట్టి గ్రహించవచ్చు. ఐనూలకు సాల్మన్ అంటే మనకు వరి అన్నట్టు. అన్నం దొంగతనమైపోయింది.

ఈ పనికి సలహాదారుగా 1871లో వచ్చినవాడు హొరేస్ కాప్రన్, అమెరికా ప్రభుత్వ వ్యవసాయ శాఖాధిపతి. పదవి వదిలి వచ్చాడు. గోధుమలు, మొక్కజొన్న, పశువులు, నాగళ్ళు, రంపపు మిల్లులు అన్నీ ఆయన సలహాలే. ఓదోరిలో ఆయన విగ్రహం ఉన్నది. దాని కింద రాయని విషయం ఒకటుంది: 1850లలో ఆయన టెక్సాస్‌లో అక్కడి ఆదివాసి తెగలను కదిలించి వేరే చోట్ల ఉంచే పనిలో ప్రభుత్వ ప్రతినిధిగా ఉన్నాడు. జపాను పాలకులకు కావలసింది వ్యవసాయం తెలిసినవాడు మాత్రమేనా అన్న ప్రశ్న వేయటం అన్యాయం కాదు.

రెండు అంకెలు చెబుతాను. 1897 నాటి చట్టం, సాగుచేస్తానన్న పెట్టుబడిదారుకు ఒక్కొక్కరికి 15 లక్షల త్సుబోల వరకు భూమి ఉచితంగా ఇచ్చింది. అది సుమారు 1,200 ఎకరాలు. ప్రభువులు, కంపెనీలు, పెద్ద ఉద్యోగులు పంచుకున్నారు. రెండేళ్ళ తరవాత, 1899లో, "హొక్కైడో పూర్వవాసుల సంరక్షణ చట్టం" వచ్చింది. దానిలో ఐనూ కుటుంబానికి ఇవ్వదలచింది 15 వేల త్సుబోల వరకు, అంటే పన్నెండు ఎకరాలు. సరిగ్గా నూరవ వంతు. మంచి భూములు అప్పటికే పోయినాయి. 15 సంవత్సరాల్లో సాగు చెయ్యకపోతే ఇచ్చింది కూడా తిరిగి లాక్కోవచ్చునన్న షరతు ఉన్నది. ఈ చట్టం 1997 దాకా పుస్తకాల్లో ఉన్నది. నేను పొరపాటున 1897 అని రాయలేదు, 1997 అనే రాశాను.

ఇక్కడ ఆగిపోతే కథ సులభంగా ఉంటుంది: జపానువాళ్ళు పీడకులు, ఐనూలు పీడితులు. కాని హొక్కైడోకు వచ్చి చెట్లు నరికినవాళ్ళు ఎవరు? 1875లో సప్పోరో పక్కన కొతొని అనే చోట 198 కుటుంబాలను దింపారు. వాళ్ళు రైతు సైనికులు. ఒక చేత్తో పార, ఒక చేత్తో తుపాకి. పాత ప్రభువుల పక్షాన పోరాడి ఓడిపోయి, జీతాలు పోయిన ఈశాన్య జపాను సమురాయీలు వాళ్ళలో ఎక్కువ. వాళ్ళ తరవాత ఖైదీలు వచ్చారు. 1881లో కబాతో, 1882లో సొరాచి జైళ్ళు కట్టారు. వాటిలో ప్రజాస్వామ్య హక్కుల కోసమూ, అప్పుల రద్దు కోసమూ 1880లలో తిరగబడ్డ రైతులు, రాజకీయ ఖైదీలు కూడా ఉన్నారు. హొరొనాయ్ బొగ్గుగనిలో వాళ్ళచేత బొగ్గు తవ్వించారు. సప్పోరో నుంచి అసహికావాకు పోయే రహదారిలో 29 కిలోమీటర్ల పైచిలుకు ఒక్క వంపు లేకుండా ఉంటుంది. జపానులోకెల్లా పొడుగైన తిన్నని రోడ్డు అది. తాడు లాగి గీసినట్టుంటుంది అని బావ మెచ్చుకున్నాడు. ఆ దారికి మొదట అడవి కొట్టినవాళ్ళు ఖైదీలు. అటుపైన 1891లో అబషిరి వైపు రోడ్డు వేసినప్పుడు ఒక్క సంవత్సరంలో 200 మందికి పైగా ఖైదీలు చచ్చిపోయారు. ఆ చావులు ఎవరికీ తెలియక జరిగినవి కావు. 1885లో హొక్కైడో తనిఖీకి వచ్చిన కనెకో కెంతారో అనే ఉన్నతోద్యోగి, వీళ్ళు కఠినమైన పనికి తట్టుకోలేక చచ్చిపోతే జైళ్ళ ఖర్చు తగ్గుతుందని అధికారిక నివేదికలోనే వాదించాడు. ఈయన హార్వర్డ్‌లో న్యాయశాస్త్రం చదువుకున్నవాడు. తరవాత జపాను రాజ్యాంగం చిత్తు రాసినవాళ్ళలో ఒకడు.

ఇదంతా ఎవరి ఖర్చు మీద జరిగింది, లాభం ఎవరికి పోయింది అన్నదానికి 1881 కుంభకోణం సమాధానం. కైతాకుషి పన్నెండేళ్ళలో సుమారు కోటీ 40 లక్షల యెన్లు ప్రజాధనం ఖర్చు పెట్టి గనులు, మిల్లులు, ఓడలు, సారా బట్టీలు పెట్టింది. అధిపతి కురొద కియొతక వాటిని తన సొంత ప్రాంతంవాళ్ళకు సుమారు 3 లక్షల 90 వేలకు, 30 ఏళ్ళ వాయిదాల మీద, వడ్డీ లేకుండా కట్టబెట్టబోయాడు. పత్రికలు బయటపెట్టాయి, దేశమంతటా గోల లేచింది. అమ్మకం ఆగిపోయింది, జనాన్ని చల్లార్చటానికి 1890లో పార్లమెంటు పిలుస్తామని చక్రవర్తి పేర ప్రకటించవలసి వచ్చింది. తరవాత నెమ్మదిగా, ఒక్కొక్కటిగా, అవే ఆస్తులు ప్రయివేటువాళ్ళ పరమైనాయి. 1876లో ప్రభుత్వం పెట్టిన బీరు కర్మాగారం పదేళ్ళకు ఒక కోటీశ్వరుడికి పోయింది. ఇవాళ ప్రపంచమంతా అమ్ముడుపోయే సప్పోరో బీరు అదే. ప్రభుత్వ రంగాన్ని ప్రజల డబ్బుతో పెంచి, పెరిగాక షావుకార్లకు ధారపొయ్యటం మన కాలపు ఆవిష్కరణ అనుకునేవాళ్ళకు ఈ ముచ్చట పనికొస్తుంది.

కళాశాల ఉపన్యాసకుడిగా నాకు అన్నిటికన్న ఎక్కువ బాధ కలిగించింది కళాశాల కథే. 1876లో మసాచుసెట్స్ నుంచి విలియం క్లార్క్ వచ్చి సప్పోరో వ్యవసాయ కళాశాల ప్రారంభించాడు. ఉన్నది ఎనిమిది నెలలు. పోతూ పోతూ గుర్రం మీద నుంచి కుర్రాళ్ళకు గొప్ప ఆశయాలు పెట్టుకోండని చెప్పి వెళ్ళాడన్నది జపానులో చిన్నపిల్లలకు కూడా తెలిసిన కథ. నగరపు కొండ మీద, చెయ్యి చాపిన ఆయన విగ్రహం పక్కన నిలబడి ఫోటోలు తీయించుకోవటానికి జనం వరసకడతారు. (మద్యం ముట్టమని ఆయన విద్యార్థుల చేత ప్రమాణం చేయించిన ఏడాదే ప్రభుత్వం బీరు బట్టీ తెరిచిందని పైన చెప్పాను.) ఆశయాలు ఏమిటి, ఎవరి నేల మీద అన్న ప్రశ్న ఆ విగ్రహం దగ్గర ఎవరూ అడగరు.

ఆ కళాశాల మంచివాళ్ళను తయారుచెయ్యలేదని కాదు. రెండవ తరగతి విద్యార్థి ఉచిమురా కన్జో, చక్రవర్తి సంతకమున్న పత్రం ముందు సరిగా తల వంచలేదని 1891లో టోక్యోలో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. తరవాత యుద్ధాన్ని వ్యతిరేకించాడు. అతని సహాధ్యాయి నితోబె ఇనాజో దారి వేరు. ఆయన 1901లో తైవానుకు వెళ్ళి వలస ప్రభుత్వానికి చక్కెర పరిశ్రమ తీర్చిదిద్దాడు. తరవాత టోక్యో సామ్రాజ్య విశ్వవిద్యాలయంలో వలస విధానం బోధించే ఆచార్యుడైనాడు. హొక్కైడోలో నేర్చిన పాఠం తైవానులో, కొరియాలో అప్పగించారు. కళాశాల 1918లో హొక్కైడో సామ్రాజ్య విశ్వవిద్యాలయం అయింది.

ఆ ఆవరణలో ఫురుకావ భవనమని తెల్లటి చెక్క కట్టడం ఒకటున్నది, 1909 నాటిది. చాలా అందమైనది. దాన్ని కట్టించి ఇచ్చింది అషియో రాగిగని యజమానులు. ఆ గని విషపు నీళ్ళు వదిలి వతరసె నది లోయలో వేల రైతుల పొలాలు చంపింది, గ్రామాలు లేచిపోయినాయి. నిందలు పెరిగేసరికి యజమానులకు విద్యాదానం గుర్తుకొచ్చింది. అదే భవనంలో 1995లో ఒక పాత అట్టపెట్టె దొరికింది. అందులో ఆరు పుర్రెలున్నాయి. ఒకదాని మీద, ఇది 1894 కొరియా తొంగ్హాక్ రైతు తిరుగుబాటు నాయకుడిదని, 1906లో చిందో దీవిలో సేకరించినదని రాసి ఉన్నది. తలలు నరికించుకున్న రైతుల్లో ఒకడి తల నమూనాగా వచ్చి, పెట్టెలో తొంభై ఏళ్ళు ఉన్నది. 1996లో కొరియాకు తిరిగి ఇచ్చారు. ఇది ఒంటరి సంఘటన కాదు. ఆ విశ్వవిద్యాలయపు వైద్యాచార్యులు 1930ల నుంచి ఐనూ శ్మశానాలు తవ్వి, సుమారు వెయ్యిమంది ఎముకలు పరిశోధన పేర పోగుచేశారు. బంధువులు కోర్టుకు ఎక్కితే గాని, 2016లో గాని, పన్నెండుమంది ఎముకలు వాళ్ళ ఊరికి పోలేదు.

బావ ఈ మాటలు నా దగ్గరే మొదటిసారి విన్నాడు. "రోజూ ఆ భవనం ముందునుంచే పోతాను," అన్నాడు. కొంతసేపటికి మళ్ళీ, "అయినా పాపం అప్పటి సైన్సు అట్లాంటిది," అన్నాడు. ఎముకలు తవ్వించుకున్నవాళ్ళకు అప్పుడే అది పాపమని తెలుసు గదా అన్నాను. అక్కయ్య, అన్నం చల్లారిపోతున్నదని మా ఇద్దరినీ కేకలేసింది.

ఇక సాహిత్యం. హొక్కైడో సాహిత్యం జపాను అభ్యుదయ సాహిత్యానికి పుట్టినిళ్ళలో ఒకటి. ఆ వ్యవసాయ కళాశాలలో చదివి, అక్కడే పాఠాలు చెప్పిన అరిషిమ తకెఒ అనే నవలాకారుడు, తండ్రి నుంచి వచ్చిన హొక్కైడో భూమిని 1922లో తన కౌలుదార్లకు ఉమ్మడిగా ఇచ్చివేశాడు. అరిషిమ మరుసటి ఏడు ఆత్మహత్య చేసుకున్నాడు. ఆయన మొదలుపెట్టిన ఉమ్మడి సేద్యం మాత్రం 1949 వరకు నడిచింది, యుద్ధానంతర భూసంస్కరణ దాన్ని వ్యక్తుల పట్టాలుగా చీల్చేదాకా. సంస్కరణే ఉమ్మడిని విరిచిందన్న విషయం మన భూసంస్కరణల చర్చల్లో ఎవరైనా వాడుకోవచ్చు.

మనవాళ్ళకు ఎక్కువ తెలిసిన పేరు కొబయషి తకిజి. 1903లో ఈశాన్య జపానులో పుట్టి, నాలుగేళ్ళ వయసులో సప్పోరోకు 35 కిలోమీటర్ల దూరంలోని ఒతరు రేవుకు వచ్చాడు. 1924లో హొక్కైడో తకుషొకు బ్యాంకులో గుమాస్తా అయినాడు. సప్పోరో కేంద్రంగా, వలసకు పెట్టుబడి సమకూర్చటానికి 1900లో పెట్టిన బ్యాంకు అది. భూస్వాములకూ తాకట్టుకూ అది ఆయువుపట్టు. ఆ బల్ల దగ్గర కూర్చుని అతను చూసింది ఏమిటంటే, సొంత భూమి దొరుకుతుందని అన్నీ అమ్ముకుని సముద్రం దాటి వచ్చిన రైతు, ఇక్కడా పట్నంలో కూర్చున్న యజమానికి కౌలుదారే అవుతున్నాడని. 1929లో "పీతల ఓడ" నవల వచ్చింది. అదే ఏడు "ఊళ్ళో లేని భూస్వామి" రాసినందుకు బ్యాంకు అతన్ని తీసివేసింది. 1933 ఫిబ్రవరి 20న టోక్యోలో పోలీసులు చిత్రహింసలు పెట్టి చంపారు. వయసు 29. బ్యాంకు మాత్రం 1997 దాకా బతికి, భూముల జూదంలో కూలిపోయింది. "పీతల ఓడ" 2008లో, ఉద్యోగ భద్రత లేని కొత్త తరం చేతుల్లో, లక్షల ప్రతులు అమ్ముడుపోయింది.

అదే 1903లో హొక్కైడోలోనే ఇంకొక బిడ్డ పుట్టింది. చిరి యుకిఎ. ఐనూ పిల్ల. అసహికావాలో పెద్దమ్మ వంటి పెద్దల దగ్గర పెరిగి, వాళ్ళ నోట యుకర్ గాథలు విన్నది. గుడ్లగూబ, నక్క, కప్ప "నేను" అంటూ తమ కథ తామే పాడే పాటలవి. బడిలో వాళ్ళ భాషకు చోటు లేదు. ఆ పిల్ల మాత్రం పదమూడు గాథలను ఐనూ మాటల్లో, రోమను అక్షరాల్లో ఒక పక్కన, జపాను అనువాదం ఎదుటి పక్కన రాసింది. 1922లో టోక్యో వెళ్ళి, గుండెజబ్బుతోనే ప్రతి సిద్ధంచేసి, పని పూర్తవుతూనే సెప్టెంబరులో చచ్చిపోయింది. వయసు 19. పుస్తకం 1923లో అచ్చయింది. దాని ముందుమాటలో ఆమె, ఈ విశాలమైన నేల ఒకప్పుడు తన పెద్దల స్వేచ్ఛాభూమి అని చెబుతుంది. నింద ఒక్క మాట ఉండదు. ఆ మర్యాదే చదివేవాణ్ణి నిలవనియ్యదు. ఈ పుస్తకాన్ని ఇవానమి ప్రచురణాలయం 1978లో తన చౌక గ్రంథమాలలోకి తీసుకున్నది. ఆ మాలలో జపాను సాహిత్యానికి వేరే రంగుల పట్టీలు, విదేశీ సాహిత్యానికి ఎర్ర పట్టీ. యుకిఎ పుస్తకానికి ఎర్ర పట్టీ వేశారు. అవమానమో, నిజం ఒప్పుకోవడమో నేను తేల్చుకోలేదు. ఐనూలలో కొందరు రెండోదనే అనుకోవచ్చు.

ఒకే ఏడు పుట్టిన ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చదవాలని నా వాదం. తకిజి ప్రసిద్ధ రచనల్లో ఐనూల భూమి ప్రధాన విషయం కాలేదు. కౌలుదారుకూ భూస్వామికీ మధ్య తగాదా అతను ఎవరూ చూడనంత స్పష్టంగా చూశాడు. ఆ తగాదాపడే భూమి అంతకు ముందు ఎవరిదన్న ప్రశ్న ఆ తగాదా వెనక కనపడకుండా పోయింది. నా సహాధ్యాపకుడొకాయన, పట్టుదలగల మార్క్సిస్టు, దీన్ని ఒప్పుకోడు. వేట దశ పోయి సాగు దశ రావడం, సాగు దశ పోయి యంత్రదశ రావడం చారిత్రక ఆవశ్యకత అనీ, పెట్టుబడి వచ్చినచోట దానితోపాటే శ్రామికవర్గమూ వస్తుందనీ, ఐనూల గురించి కన్నీరు పెట్టడం గతాన్ని కోరుకోవడమనీ అంటాడు. ఈ ఆవశ్యకత వాదం విన్నప్పుడల్లా నాకొక అనుమానం: ఆవశ్యకమైన నష్టం ఎప్పుడూ వాదించేవాడికి కాక ఇంకొకడికే ఎందుకు వస్తుంది? ఐనూలు సాగు చెయ్యలేక భూమి పోగొట్టుకోలేదు. నూరవ వంతు ఇచ్చి, అందులోనూ గడువు పెట్టి తీసుకున్నారు. చరిత్ర దశలు తీసుకోలేదు, చట్టం తీసుకున్నది. చట్టానికి తారీఖులున్నాయి, సంతకాలున్నాయి. పేదవాడి చేత ఇంకా పేదవాడి భూమి ఆక్రమింపజేసి, ఆ తరవాత ఇద్దరి దగ్గరా కౌలు పుచ్చుకోవటం హొక్కైడోలో జరిగింది. దీన్ని వర్గ దృష్టితో కాక వేరే దృష్టితో అర్థం చేసుకోలేము గాని, ఆ దృష్టి కౌలు పత్రం దగ్గర ఆగిపోకూడదు.

యుద్ధం తరవాతి సప్పోరో గురించి చాలా చెప్పవచ్చు, నేను త్వరగా చెబుతాను. నగరపు దక్షిణాన మకొమనాయ్ అనే చోటు ఉంది. 1876లో అది అమెరికా పద్ధతి పశువుల క్షేత్రం. 1945 తరవాత అమెరికా సేనల శిబిరం. ఆ తరవాత జపాను "ఆత్మరక్షణ దళాల" స్థావరం. 1972లో ఆసియాలోకెల్లా మొదటి శీతకాల ఒలింపిక్సుకు ప్రధాన క్రీడాస్థలం. మంచు పండగ 1950లో బడిపిల్లలు ఓదోరిలో ఆరు బొమ్మలు చేయటంతో మొదలైంది. యుద్ధకాలంలో కూరగాయలు పండించిన తోట అది. 1955 నుంచి సైన్యం వచ్చి పెద్ద బొమ్మలు చేస్తున్నది. సైన్యం ఉండరాదని రాజ్యాంగంలో రాసుకున్న దేశంలో సైన్యానికి ఇంతకన్న మంచి ప్రచారం ఉండదు. 2030 ఒలింపిక్సు మళ్ళీ తెద్దామని నగర పాలకులు ప్రయత్నించారు గాని, టోక్యో క్రీడల లంచాల వ్యవహారం తరవాత జనం మొగ్గు చూపకపోవటంతో 2023లో మానుకున్నారు. బొగ్గు పట్టణాలు చస్తూంటే సప్పోరో పెరిగింది. యూబరిలో 1960లో లక్షా 16 వేలమంది ఉండేవాళ్ళు. 2020కి ఏడు వేల చిల్లర మిగిలారు. ఆ పురపాలక సంఘం 2007లో దివాలా తీసింది. హొక్కైడో జనాభాలో ఈనాడు మూడోవంతుకు పైగా ఈ ఒక్క నగరంలో ఉన్నారు.

న్యాయస్థానాల సంగతి మాత్రం త్వరగా వదలలేను. 1952 జనవరిలో సప్పోరోలో ఒక పోలీసు ఇన్‌స్పెక్టరును సైకిలు మీద పోతూండగా కాల్చి చంపారు. నేరం స్థానిక కమ్యూనిస్టు పార్టీ నాయకుల మీద మోపారు. నేరం ఎవరిది అన్న తర్కం చాలా కాలం ఆగలేదు. ఆ కేసులో పునర్విచారణ కోరిన అర్జీని 1975లో సుప్రీంకోర్టు కొట్టివేసింది గాని, అనుమానముంటే అది నిందితుడికే చెందాలన్న సూత్రం పునర్విచారణ అర్జీలకు కూడా వర్తిస్తుందని ఆ తీర్పులో రాసింది. ఆ వాక్యం పట్టుకుని 1980లలో నలుగురు మరణశిక్ష ఖైదీలు నిర్దోషులుగా బయటికి వచ్చారు. 1973లో, పొరుగున ఉన్న నగనుమ రైతులు తమ అడవిలో క్షిపణి స్థావరం వద్దని వేసిన దావాలో, సప్పోరో జిల్లా కోర్టు ఆత్మరక్షణ దళాలే రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. పైకోర్టులు దాన్ని నిలవనియ్యలేదు. 1997 మార్చిలో అదే జిల్లా కోర్టు, నిబుతని ఆనకట్ట కోసం ఐనూల భూమి తీసుకోవడం చట్టవిరుద్ధమన్నది; ఐనూలు మూలవాసులని మొదటిసారి అన్నది. ఆనకట్ట అప్పటికే పూర్తయింది కాబట్టి పడగొట్టనక్కరలేదని కూడా అన్నది. నీళ్ళు నిలిచే ఉన్నాయి. పార్లమెంటు ఆ మాట చట్టంలో రాయటానికి 2019 దాకా పట్టింది. ఆ చట్టంలో సంస్కృతి ఉన్నది, యాత్రికుల వ్యాపారం ఉన్నది, భూమి మీదా చేప మీదా హక్కులు లేవు.

టొయొహిరా నది యుద్ధానంతరం నగరపు మురుగుతో చెడిపోయి, సాల్మన్ రావడం మానేసింది. 1978లో నగరవాసులు ఉద్యమం మొదలుపెట్టారు, నీళ్ళు బాగుపడ్డాయి, పిల్లచేపలను వదిలారు, కొన్నేళ్ళకు చేపలు సముద్రం నుంచి తిరిగి వచ్చాయి. 1982లో ఐనూలు ఆ ఒడ్డునే, దాదాపు నూరేళ్ళుగా మానుకున్న కొత్త చేప పండగను మళ్ళీ చేశారు. 2020లో తూర్పు తీరపు ఉరహొరో ఐనూలు, యేటిలో సాల్మన్ పట్టుకునే హక్కు తమకు తాతలనాటి నుంచీ ఉన్నదని సప్పోరో జిల్లా కోర్టులో దావా వేశారు. 2024 ఏప్రిల్‌లో కోర్టు దాన్ని కొట్టివేసింది. వాళ్ళు పైకోర్టుకు వెళ్ళారు. సప్పోరోలో ఆ పండగకు కావలసిన నాలుగు చేపలు పట్టుకోవటానికి గవర్నరుకు దరఖాస్తు పెట్టుకోవాలి. అందులో ఎన్ని చేపలు, ఏ రోజున, ఏ వలతో అన్నది రాయాలి.